తెరమీది వ్రాతకు కావలి యేది?

చీరాల ప్రాంతమున ముప్పది యేండ్లు ఉపాధ్యాయవృత్తి నెరపి విశ్రాంతి గైకొన్న పెద్దమనిషి యొకరు ఈ నడుమ మాయొద్దకు వచ్చిరి. చేతిలో కాగితములు లేవు. కుమార్తె కొనియిచ్చిన ఫోను మాత్రము కలదు. అందు రెండు పుటలను మార్చి మార్చి మాకు చూపిరి. మొదటిది వారు స్వయముగా నడుపుకొను వెబ్‌సైటు. పండ్రెండేండ్లపాటు నేతవారి యిండ్లకు పోయి, మగ్గపు గుంట ప్రక్కను కూర్చుండి, ఆ పనిలో వాడెడి మాటలను చెవులార విని, ఒక్కొక్క మాటకు అర్థమును, వాడుకను, దానిని చెప్పిన వృద్ధుల ముచ్చటలను తమ వాక్యములలో కూర్చి అందు ప్రకటించినారు. రెండవ పుట మరియెవరిదో. పడుగన్నచోట పడుగే, నాడెయన్నచోట నాడెయే. కండె యను మాటక్రింద వారు పొరపాటున రెండుమారులు వ్రాసిన వాక్యము అక్కడను రెండుమారులే యున్నది. వారి పేరొక్కటి మాత్రము లేదు. పుటకు నాలుగు వైపులను వాణిజ్యప్రకటనలు మెరయుచున్నవి.

"వకీలుగారూ, దీనికొక తాళము వేయించు ఉపాయము లేదా?" అని వారడిగిరి. వారి కంఠమున కోపము కంటె సిగ్గు హెచ్చుగా వినవచ్చినది. వస్తువు పోయినవాడు సిగ్గుపడుటయు, ఎత్తుకొనిపోయినవాడు ప్రకటనల సొమ్ము లెక్కించుకొనుటయు నేటి అంతర్జాలపు రీతి, ఏమందుము!

ఈ ప్రశ్న నడుగువారు నేడు పెక్కురు. వంటకములను గూర్చి వ్రాయు గృహిణులు, తమ యూరి శాసనములను వెదకి తెచ్చు యువకులు, చిన్న పత్రికలవారు, అందరిదిని ఒకే మాట. మా సమాధానమును ముందుగనే చెప్పివేసెదము. తాళము లేదు. చట్టము కలదు. ఆ చట్టము మన ఉపాధ్యాయునివంటి వాని చేతికందునంత దగ్గరలో లేదు. మొదటిదానికై విచారపడి ప్రయోజనము లేదు; కడపటిది మాత్రము మన ప్రభుత్వములు తలచుకొన్న దిద్దదగినది.

తాళమెందుకు లేదో పాఠకులు కొంచెమెరుగుట మంచిది. గ్రంథమును కొనినవాడు అంగడికి పోయి ప్రతిని తెచ్చుకొనును. వెబ్‌సైటును చదువువానికి ఆ శ్రమ లేదు. ప్రతియే వాని యింటికి వచ్చును. పుటను చూడగోరినంతనే, ఎక్కడనో యున్న యంత్రము ఆ వ్రాతనంతటిని వాని ఫోనునకు పంపుచున్నది. అక్కడ నిలిచిన ప్రతినే వాని కన్ను చదువుచున్నది. అనగా అంతర్జాలమున చదువుటయే నకలు తీయుట. మన శాసనకర్తలు దీని నెరిగియే, ప్రసారక్రమములో యంత్రములందు తాత్కాలికముగా నిలుచు ప్రతులు స్వామ్యభంగము కావని 2012వ సంవత్సరపు సవరణచే కాపీరైటు చట్టము 52వ సెక్షనున చేర్చిరి. లోకమునకెల్ల చూపెదను గాని ఎవరికిని ఇయ్యననుట, పాట వినిపింతును గాని చెవిని పడనీయననుట వంటిది.

ఐనను తాళములమ్మువారికి కొరత లేదు. మౌసు కుడిమీట పనిచేయకుండ చేయుదురు. అక్షరములపై గీచి ఎంచుకొనుటకు వీలులేకుండ చేయుదురు. మా కార్యాలయపు గుమాస్తా యట్టి పుటనొకదానినుండి వ్రాతనంతను ఐదు నిమిషములలో వెలికితీసి మా బల్లపై నుంచినాడు. వాడు సాంకేతిక విద్య చదివినవాడు కాడు. మరికొందరు అక్షరములకు బదులు అక్షరముల చిత్రమును తెరపై నుంతురు. చిత్రమునుండి అక్షరములను గుర్తించి తిరిగి వ్రాయు యంత్రములు తెలుగునకు సైతము వచ్చియున్నవి గనుక దొంగకు దానివలన ఆటంకము లేదు. ఆటంకమెల్ల అంధులకు. తెరను చదివి వినిపించు సాధనము చిత్రమును చదువజాలదు. చూపు లేనివారికి గ్రంథములందవలెనని 2013లో మరాకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయపు ఒడంబడికను అందరికంటె ముందుగా 2014లో ధ్రువీకరించిన దేశము మనది. ఆ దేశములోనే దొంగకు వెరచి అంధుని మొగముమీద తలుపు వేయుట మాకు రుచింపదు. చందా కట్టినవారికే పుట తెరచుట మాత్రము కొంతవరకు నిజమైన తాళమే. అట్టి తాళమును చౌర్యమునకై పగులగొట్టువానికి రెండేండ్లవరకు కారాగారము కలదని 65ఏ సెక్షను చెప్పుచున్నది. కాని నేతమాటలను చదువుటకు చందా కట్టువారెందరు? కట్టినవారిలో ఒకడు చాలడా నకలు తీయుటకు?

యంత్రములను రావలదనుటకు వాకిట నుంచెడి హెచ్చరిక పత్రమొకటి కలదు. రోబోట్స్ దస్త్రమని దానికి పేరు. 1994లో పుట్టినది, 2022లో అంతర్జాల ప్రమాణముగా నెలకొన్నది. ఏయే పుటలకు యంత్రములు రావచ్చునో, ఏవి విడువవలెనో అందు వ్రాసికొనవచ్చును. మర్యాదగల యంత్రము దానిని చదివి వెనుదిరుగును. ఇది ప్రవేశమునకు అనుమతియు కాదు, నిషేధమును కాదని ఆ ప్రమాణమే ఒప్పుకొనుచున్నది. పొలము గట్టున పాతిన దిష్టిబొమ్మకు పక్షులు వెరచును గాని పశువులు వెరచునా?

ఇంతకును నకలు తీయుటనే పాపముగ నెంచుట తెలుగువాని నోట శోభింపదు. తాటియాకు శాశ్వతము కాదు. చెదలును తేమయు దానికి సహజశత్రువులు. మన భారతము, మన భాగవతము నేటికి దక్కినవన్న, తరమునకొక వ్రాయసకాడు కూర్చుండి గంటముతో తిరిగి వ్రాయుటచేతనే. బ్రౌనుదొర తన సొమ్ము వెచ్చించి పండితులను, లేఖకులను పెట్టి ప్రతులను వ్రాయింపకపోయినచో నేడు మనకెన్ని కావ్యములు మిగిలియుండెడివో! మన ఆలంకారికులకును ఈ విషయము క్రొత్త కాదు. రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో పరుల మాటను, పరుల భావమును గ్రహించు విధములను విడివిడిగా వర్గీకరించి, తగినదేదియో తగనిదేదియో అధ్యాయములకు అధ్యాయములే చర్చించినాడు.

ఐతే ఆనాటి నకలునకు నేటి నకలునకు భేదమొకటి కలదు. తిక్కనగాని శ్రీనాథుడుగాని ఆశ్వాసాంతమున గద్యము నుంచి అందు తన పేరును, తండ్రి పేరును చెప్పుకొనెను. పదకర్తలు తమ ముద్రను చరణములోనే ఇమిడ్చిరి. శతకకర్తల మకుటమును తీసివేసినచో పద్యమే కుంటుపడును. వ్రాయసకాడు ఆ గద్యమును సైతము పొల్లుపోకుండ వ్రాసి, కడపట ఇది ఫలానావాని చేవ్రాలని తన పేరును వేరుగా వ్రాసికొనుట సామాన్యమైన యాచారము. కర్త కర్తయే, లేఖకుడు లేఖకుడే. నేటి లేఖకుడు మొట్టమొదట చేయు పని గద్యమును కోసివేయుట.

చట్టమునకు ఈ భేదము తెలియును. కాపీరైటును ఇతరునకు అమ్ముకొన్నను, ఈ రచన నాదియని చెప్పుకొను హక్కు కర్తను వీడదని 57వ సెక్షను. రచనకు జతపరచిన కర్త పేరు మొదలగు వివరములను తెలిసి తెలిసి అనుమతి లేక తొలగించువానికి రెండేండ్లవరకు శిక్ష కలదని 2012లో చేర్చిన 65బి సెక్షను. మన ప్రాచీనుల ఆశ్వాసాంత గద్యమునకు ఇది నేటి శాసనరక్షణము. ఈ రెండు సెక్షనులను ఎరిగిన రచయితలు మాకు బహు తక్కువగ కనబడిరి. ప్రయోగించినవారు ఇంకను తక్కువ.

ఇక హక్కు దేనికి కలదు, దేనికి లేదు? 1957వ సంవత్సరపు చట్టము ప్రకారము వ్రాసిన క్షణముననే హక్కు పుట్టును. రిజిస్ట్రీ ఐచ్ఛికము; చేసికొన్న సాక్ష్యమునకు ఉపకరించును గాని, చేసికొననంత మాత్రమున హక్కు పోదు. కర్త జీవించినంతకాలమును, మరణించిన మరుసటి సంవత్సరారంభమునుండి అరువదియేండ్లును అది నిలుచును. 1915లో గతించిన గురజాడ అప్పారావుగారి రచనలు అందరివి. 1976లో గతించిన విశ్వనాథ సత్యనారాయణగారివి 2036 కడవరకు వారి హక్కుదారులవి. కాగితమా తెరయా యను భేదము లేదు. అంతర్జాలములో నున్నది గనుక అందరిదియను మాటను చదువుకొన్నవారు సైతము పలుకుచున్నారు. వీధియరుగుమీద ఆరవేసిన బట్టలు వీధివారివి కావు గదా!

కాని హక్కు వాక్యమునకే గాని విషయమునకు లేదు. భావము ఎవరి సొత్తును కాదని సర్వోన్నత న్యాయస్థానము ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యమున 1978లోనే తేల్చినది. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ వ్యాజ్యము మా వృత్తివారికి మిక్కిలి దగ్గరది. న్యాయస్థానపు తీర్పులనే అచ్చువేయు సంస్థ, తన ప్రతులపై హక్కు తనదని వాదించెను. తీర్పు పాఠము అందరిది. దానికి ఆ సంస్థ స్వబుద్ధితో వ్రాసిన సంగ్రహములు, వేసిన పేరా సంఖ్యలవంటివి దానివి. శ్రమపడినంత మాత్రము చాలదు, కొంచెమైనను స్వకీయమైన ప్రతిభ కనబడవలెనని న్యాయమూర్తులు నిర్ణయించిరి.

దీనిని మన ఉపాధ్యాయునకు చెప్పుటకు మేము కొంత సంకోచించితిమి. పండ్రెండేండ్ల శ్రమ! పడుగు, పేక, నాడె, అచ్చు అను మాటలు మీవి కావు, వానిని ఎవరైనను జాబితాగా వేసికొనవచ్చును, మీ వివరణ వాక్యములే మీవి అని చెప్పితిమి. వారు నొచ్చుకొందురని తలచితిమి. వారు నవ్వి, "ఆ మాటలు నావని నేనెన్నడంటిని? అవి నేతవారివి. నా వాక్యములను, వానిక్రింద నా పేరును అడుగుచున్నాను. మాట చెప్పిన ముసలమ్మల పేర్లను సైతము వాడు తీసివేసినాడండి, అది నాకు మరింత కష్టముగనున్నది" అనిరి. చట్టమంతయు చదివిన మాకు ఆ పేర్ల సంగతి తోచనేలేదు. ఆ ముసలమ్మల పేర్లు ఏ సెక్షనుక్రిందకు వచ్చునో చెప్పుట మాకు నేటికిని సులభము కాదు.

తరువాతి కథ నోటీసులది. పుటను పాఠకులకందించు మధ్యవర్తి సంస్థకు హక్కుదారుడు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసినయెడల, 36 గంటలలో ఆ పుటను అందకుండ చేయవలెను. 21 దినములలో న్యాయస్థానపు ఆజ్ఞను చూపనిచో తిరిగి తెరవవచ్చును. 52వ సెక్షనును, 2013 నాటి నిబంధనలును కలిపి చదివిన తేలునది యిది. దొంగ యెక్కడనున్నను, హక్కుదారుడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చునని 62వ సెక్షను. కాగితముపై ఇంతకంటె దయగల చట్టముండునా? 36 గంటలు మధ్యవర్తికి. వాని వద్ద వేతనములు పుచ్చుకొను న్యాయవాదులున్నారు. 21 దినములు చీరాల ఉపాధ్యాయునకు. ఆయనకు పింఛను కలదు.

ఆ యిరువదియొక్క దినములలో సాక్ష్యము సిద్ధము కావలెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, తెరమీది పుటను సాక్ష్యముగా దాఖలు చేయువారు రెండు భాగముల ధ్రువపత్రము నీయవలెను. ఒకదానిపై దాఖలు చేయువాడు, రెండవదానిపై నిపుణుడు సంతకము చేయవలెను. ఆ దస్త్రమునకు హ్యాష్ అనబడు సంఖ్యాముద్రను గణించి అందు చూపవలెను. ఇది అక్రమమని మేమనము. తెరమీది వ్రాతను రాత్రికి రాత్రి మార్చవచ్చును గనుక జాగ్రత్త యవసరమే. కాని ఆ నిపుణుని దొరకించుకొనుటకే మాకు పదునేడు దినములు పట్టినవి. ఆజ్ఞ సకాలమునకు రాలేదు. మూయబడిన పుట ఇరువదినాలుగవ దినమున తిరిగి తెరవబడెను. ఈమారు కండె క్రింది వాక్యము ఒక్కసారియే యున్నది. ఎవరో దిద్దినారు.

మేము మొదటి దినముననే ఆ పుటకు ప్రతి తీసి యుంచితిమి గనుక నష్టములేదు. మరియు ఉపాధ్యాయులే ముందు వ్రాసినారనుటకు మాకు దొరకిన బలమైన ఆధారమును గూర్చి చెప్పినచో పాఠకులు నవ్వుదురు. 1996లో అమెరికాలో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయము లోకములోని వెబ్‌సైటులకు ప్రతులు తీసి, తేదీలతో సహా దాచుచున్నది. వారి యంత్రము ఎనిమిదేండ్లనాడే మన ఉపాధ్యాయుని పుటను నకలు తీసికొనిపోయినది. ఆయనను అడుగలేదు, ఆయనకు తెలియను తెలియదు. ఆ నకలే ఆయన హక్కునకు నేడు సాక్షి. గ్రంథాలయోద్యమములో ఊరూర పుస్తకములు మోసిన మాకు ఈ సంగతి మిక్కిలి సంతోషమును కలిగించినది. అడుగకుండ తీసిన నకలొకటి పేరును చెరిపెను, అడుగకుండ తీసిన మరియొకటి పేరును నిలిపెను.

కావున నకలు తీయువారినందరిని జైళ్ళకు పంపవలెనను వాదము మాది కాదు. 63వ సెక్షను ప్రకారము స్వామ్యభంగమునకు ఆరు మాసములనుండి మూడేండ్లవరకు శిక్ష కలదు. అది వారంటు లేకయే అరెస్టు చేయదగిన నేరమని సర్వోన్నత న్యాయస్థానము 2022లో చెప్పినది. ఈ ఖడ్గము బలవంతుని చేతికి సులభముగ నందును, బలహీనుని చేతికి అందదు. మేము కోరునవి చిన్న విషయములు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఇట్టి ఫిర్యాదులను తెలుగులో స్వీకరించి నోటీసులు పంపవలెను. సాక్ష్యపు ధ్రువపత్రమునకు కావలసిన నిపుణుని ప్రతి జిల్లాలో నామమాత్రపు రుసుమునకు అందుబాటులో నుంచవలెను. ఇరువదియొక్క దినముల గడువు దావా వేసినవానికి తీర్పు వచ్చువరకు పొడిగింపబడవలెను. వీనికి కోట్లు వ్యయము కావు.

మా పత్రికలవారి తప్పును సైతము ఒప్పుకొనవలసియున్నది. వర్తమాన రాజకీయ, ఆర్థిక, సాంఘిక, మతవిషయములపై వ్రాసిన వ్యాసమును, కర్త స్పష్టముగ నిషేధింపనిచో, మరియొక పత్రిక పునర్ముద్రింపవచ్చునని చట్టమే యనుచున్నది. ఆ స్వేచ్ఛను ఎన్నిమారులు పేరులేకుండ వాడుకొంటిమో మా దస్త్రములకే తెలియును. "సేకరణ" అను ఒక్క మాటను క్రింద వేసి ఊరకుండుట తెలుగు పత్రికలలో నేటికిని మర్యాదగనే చెల్లుచున్నది. ఎవరినుండి సేకరణ?

నేడు మరియొక పాఠకుడు బయలుదేరినాడు. కృత్రిమమేధ యను పేర లోకములోని వ్రాతలనెల్ల మ్రింగి, వానినుండి మాటాడ నేర్చెడి యంత్రము. తన వార్తలను అనుమతిలేక ఇట్లు వాడుకొనిరని ఏ.ఎన్.ఐ. సంస్థ 2024 నవంబరులో ఓపెన్ ఏఐ సంస్థపై ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున దావా వేసినది. చదివి నేర్చుట నకలా, కాదా? విద్యార్థి చదివి నేర్చినచో నకలనము. ఒక వ్యాపారసంస్థ కోట్ల పుటలను ప్రతులు తీసి నేర్పినప్పుడు ఆ మాటయే చెల్లునా? మా మనస్సు రెండు వైపుల లాగుచున్నది. తెలుగు వ్రాత ఆ యంత్రముల చెవిని పడనిచో రేపటి సాధనములలో తెలుగు వినబడదు. పడినచో చీరాల ముసలమ్మల మాటకు ప్రతిఫలము మరియొక ఖండమున చేరును. యంత్రమునకు అనుమతియిచ్చి, ఆదాయములో వాటా గైకొను ఏర్పాటు చేయుట న్యాయమని మాకు తోచుచున్నది. అది ఎట్లు పంచవలెనన్నది శాసనసభలలో తేలవలసిన మాట. ఆ పంపకములో తెలుగువారి తరఫున కూర్చుండువారు ఎవరో ముందుగనే చూచుకొనవలెను.

గాంధీమహాత్ముడు 1910లో హింద్ స్వరాజ్ ఆంగ్లప్రతిని ప్రకటించినప్పుడు, హక్కులేవియు ప్రత్యేకింపబడలేదని దానిపై అచ్చువేయించెను. అందరును సర్వస్వామ్యసంకలితమని వేసెడిచోట ఆ మాట! పిమ్మట తన రచనల హక్కులను నవజీవన్ ట్రస్టుకు ఒప్పగించెను. 2008 ముగియగనే అవి అందరివైనవి. దానము చేయుటకైనను మొదట వస్తువు తనదై యుండవలెను. నేడు క్రియేటివ్ కామన్స్ అను అనుమతిపత్రములు 2002నుండి ఆ పనికి వాడుకలోనున్నవి. పేరు చెప్పి ఎవరైనను తీసికొనవచ్చునని ఒక్క పంక్తిలో వ్రాసికొనవచ్చును. వ్యాపారమునకు వలదనియు చేర్చవచ్చును.

మన ఉపాధ్యాయులకు ఈ రెంటిని చూపితిమి. దావా నడుచుచున్నది. నడుమ వారు తమ వెబ్‌సైటును మార్చివేసిరి. ప్రతి మాటకును క్రింద దానిని చెప్పినవారి పేరు, ఊరు, విన్న తేదీ, అటుపై తమ పేరు నుంచిరి. పేర్లతో సహా ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చునని అడుగున వ్రాసిరి. తాళము మాట మరల యెత్తలేదు. గతవారము ఫోనుచేసి, అద్దకమువారి మాటలను మొదలుపెట్టితిననియు, ఒక రంగుతొట్టికి మూడూళ్ళలో మూడు పేర్లు వినవచ్చుచున్నవనియు, వానిలో దేనిని ముందు వ్రాయవలెనో తేలక రెండు రాత్రులు నిద్ర లేదనియు చెప్పిరి.